ముందు నీటిదారి చూడండి

మన సంఘం సభ్యులు కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోను తీసి, తమ చేత్తో చేసుకున్న ఇంటి పనుల ఫొటోలు చూపిస్తుంటారు. కొత్త రంగు వేసిన గది, వంటగది గోడకు తామే అతికించిన పలకలు, పెరట్లో రాళ్లు పరిచి వేసుకున్న బాట. చూసినప్పుడల్లా నా మనసు నిండుతుంది. సొంత చేతులతో చేసిన పనిలో ఉన్న తృప్తి డబ్బిచ్చి చేయించుకున్న పనిలో రాదు. అయితే ఆ ఫొటోల్లో నాకు ఎప్పుడూ కనిపించనివి కొన్ని ఉన్నాయి. పైకప్పు అంచున వాననీటిని పట్టే కాలువలో, అంటే గట్టర్‌లో, పేరుకున్న ఆకులు తీసిన ఫొటో లేదు. స్నానాల గది మూలలో సందు మూయడానికి పెట్టే, రబ్బరులా సాగే సిలికాన్ పాడైతే దాన్ని గీకేసి కొత్తది పెట్టిన ఫొటో లేదు. గోడవైపు వాలిన నేలను సరిచేసి వాలును బయటికి మళ్లించిన ఫొటో లేదు. ఇంటిని నిలబెట్టేవి ఈ పనులే. నలుగురికీ గర్వంగా చూపించుకోవలసినవీ ఇవేనని గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇల్లు ఎందుకు పాడవుతోందని వెతుకుతూ పోతే చాలావాటి మూలం నీటి దగ్గరే తేలుతుంది. కిటికీ చట్రం కుళ్లినా, మేకులు తుప్పు పట్టినా, రంగు పెచ్చులూడినా, అలమర వెనుక బూజు పట్టినా, చెదలు చేరినా, ముందుగా అనుమానించవలసింది నీటినే. నీరు పల్లమెరుగు అంటారు. ఇటుకలో, సిమెంటులో ఉండే సన్నటి రంధ్రాల గుండా అది పైకి కూడా పాకుతుంది. అందుకే సొంతంగా పని నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదటి ఏడాది రంగుల జోలికి, అలంకరణ జోలికి పోకుండా ఇంటి చుట్టూ, ఇంటి లోపలా నీటిదారిని సరిచేయడం మీదే దృష్టి పెట్టాలని నా అభిప్రాయం.

మొదటి పాఠానికి ఏ పరికరమూ అక్కర్లేదు. వాన బాగా కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి నడవండి. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీరు కిందికి దిగుతుంది. అదంతా ఎటు పోతోందో కళ్లారా చూడాలి. గట్టర్ నిండి అంచు మీదుగా పొర్లుతోందా? కిందికి దిగే గొట్టం సరిగ్గా పునాది పక్కనే నీళ్లు కుమ్మరిస్తోందా? గోడ పక్కన మడుగు కడుతోందా? గోడ నుంచి మొదటి పది అడుగుల దూరంలో నేల ఆరు అంగుళాలైనా కిందికి వాలాలన్నది ఇళ్లు కట్టేవాళ్లు పాటించే లెక్క. ఒక పొడవాటి చెక్క బద్ద, దాని మీద పెట్టడానికి మట్టం చూపే ఒక రసమట్టం (స్పిరిట్ లెవెల్) ఉంటే ఆ వాలును ఎవరైనా కొలుచుకోవచ్చు. తక్కువైతే మట్టి పోసి, గోడవైపు ఎత్తుచేసి, దిమ్మిసతో కొట్టాలి. పార పట్టగలిగిన వాళ్లందరూ చేయగల పని అది. కిందికి దిగే గొట్టానికి మరో ముక్క తగిలించి నీటిని ఐదారు అడుగుల అవతల వదిలితే పునాది దగ్గరి బెడద చాలావరకు తీరుతుంది.

గోడ మీద చెమ్మ మరక కనిపించగానే చాలామంది దాన్ని గీకి, లప్పం పెట్టి, రంగు వేసేస్తారు. కొన్ని నెలలకు మరక మళ్లీ పైకి వస్తుంది. పైన పటారం, లోన లొటారం. చెమ్మ రెండు రకాలుగా రావచ్చు. గదిలోని తేమ గాలి చల్లటి గోడకు తగిలి నీటి బిందువులుగా మారవచ్చు, లేదా గోడ లోపలి నుంచే నీరు ఊరవచ్చు. రెండింటికీ మందు వేరు. ఏదో తేల్చుకోవడానికి చక్కటి పరీక్ష ఒకటుంది. మరక ఉన్నచోట గోడను పైపైన ఆరనిచ్చి, జానెడు వెడల్పు అల్యూమినియం రేకును పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించాలి. ఒకటి రెండు రోజులు ఆగాలి. గదివైపు కనిపించే రేకు ముఖం తడిగా ఉంటే అది గది గాలిలోని తేమ. రేకు తీశాక వెనుకవైపు తడి కనిపిస్తే అది గోడలోంచి వస్తున్న నీరు. మొదటిదైతే గదిలో గాలి ఆడేలా చేయాలి. స్నానాల గది ఫ్యాను తేమను అటకలోకి కాకుండా ఇంటి బయటికే పంపుతోందా అని చూసుకోవాలి, స్నానం అయ్యాక ఇరవై నిమిషాలైనా దాన్ని తిరగనివ్వాలి. రెండోదైతే ఎంత ఖరీదైన రంగు కొన్నా లాభం లేదు, నీరు ఎక్కడ చొరబడుతోందో వెతకాల్సిందే. గోడ మీద తేలే తెల్లటి పొడి చెప్పేదీ ఇదే. ఇటుకలోని లవణాలు నీటిలో కరిగి బయటికి వస్తాయి, నీరు ఆవిరయ్యాక స్ఫటికాలుగా మారి పూతను నెట్టేస్తాయి. దాని మీద నీరు చొరని రంగు వేసి మూసేస్తే చెమ్మ పక్కకో పైకో మరో దారి వెతుక్కుంటుంది.

గోడ నిజంగా ఎండాక రంగు వేయడం తేలిక. కడగడం, గీకడం, గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమర్ పూయడం, వీటి దగ్గరే ఓపిక కావాలి. కొత్త సిమెంటు పూతనైతే నాలుగు వారాలు ఆరనివ్వాలి. రంగు గురించి ఇంతకుమించి చెప్పవలసింది నాకేమీ కనిపించదు.

స్నానాల గది గురించి మాత్రం చాలా ఉంది. పలకల మధ్య నింపే గ్రౌట్ నీటిని ఆపుతుందని ఎంతోమంది నమ్ముతారు. మామూలు సిమెంటు గ్రౌట్ నీటిని పీలుస్తుంది. నీటిని ఆపవలసింది పలకల వెనుక ఉండే జలనిరోధక పొర. ఆ పొర లేకుండా మామూలు జిప్సం బోర్డు మీదే పలకలు అతికించేస్తే, ఎంత నేర్పుగా చేసినా కొన్నేళ్లకు వెనుక బోర్డు మెత్తబడి పలకలు ఊడివస్తాయి. అంత కష్టమూ వృథా కావడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇక స్నానపు తొట్టె గోడను కలిసే అంచులో, రెండు గోడలు కలిసే మూలలో గ్రౌట్ నింపకూడదు. రెండు వైపులూ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి గట్టి పదార్థం పగులుతుంది. అక్కడ సాగే సిలికాన్ కావాలి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. పాతదాన్ని బ్లేడుతో మిగలకుండా గీకి, స్పిరిటుతో తుడిచి, ఆరనివ్వాలి. కొత్తది పెట్టే ముందు తొట్టెను నీళ్లతో నింపాలి. ఆ బరువుకు తొట్టె కొద్దిగా కిందికి దిగి సందు వెడల్పవుతుంది. ఆ వెడల్పు మీద సిలికాన్ పడితే, తర్వాత తొట్టెలో ఎవరు దిగినా అది చిరగదు. ఒక రోజంతా గడిచి, సిలికాన్ గట్టిపడ్డాకే తొట్టెలోని నీళ్లు ఖాళీ చేయాలి. ఈ ఒక్క కిటుకు తెలియకపోతే అదే అంచును మళ్లీ మళ్లీ గీకాల్సి వస్తుంది.

చప్పుడు చేయకుండా కారే నీటిని పట్టుకోవడం కూడా తెలియాలి. టాయిలెట్ వెనుక ట్యాంకులో వంటల్లో వాడే రంగు కొన్ని చుక్కలు వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగండి. కింది గిన్నెలోకి రంగు దిగితే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోయిందన్నమాట. దాన్ని మార్చడానికి చాలా ట్యాంకుల్లో పనిముట్టు కూడా అక్కర్లేదు. క్షణానికో చుక్క చొప్పున కారే కొళాయి రోజుకు ఇరవై లీటర్ల దాకా వృథా చేస్తుంది. కొళాయిలన్నీ కట్టేసి, గంటా రెండు గంటలు నీళ్లు వాడకుండా, ముందూ వెనుకా నీటి మీటరు అంకెలు చూస్తే ఇంట్లో ఎక్కడైనా నీరు కారుతోందో లేదో తెలిసిపోతుంది. ఈ పనులకన్నా ముందు ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో చూసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు మెల్లగా తిప్పి చూడకపోతే అది బిగుసుకుపోయి, అవసరమైన రాత్రి కదలదు. ఇంట్లో అందరికీ, కాస్త ఎదిగిన పిల్లలకు కూడా, దాన్ని కట్టేయడం వచ్చి ఉండాలి.

పెరట్లో కాంక్రీటు వేసేవాళ్లు కలపడం సులువవుతుందని నీళ్లు ఎక్కువ పోస్తుంటారు. సిమెంటుతో పోలిస్తే నీటి పాలు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ అబ్రామ్స్ అనే అమెరికా ఇంజనీరు 1918లోనే పరీక్షలతో నిరూపించారు. కలిపేటప్పుడు నీరు పొదుపుగా వాడాలి, గట్టిపడ్డాక కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి.

ఇంటికీ తోటకూ మధ్య తగాదా వచ్చేదీ నీటి దగ్గరే. పూలమడి అందంగా ఉంటుందని గోడకు ఆనించి మట్టి ఎత్తుగా పోస్తారు. గోడలో చెమ్మను ఆపడానికి వేసిన పొర ఆ మట్టి కింద మునిగిపోతే, తడి నేరుగా పై ఇటుకల్లోకి ఎక్కుతుంది. ఆ పొరకన్నా మట్టి ఆరు అంగుళాలు కిందే ఉండాలి. మొక్కలకు నీళ్లు చిమ్మే గొట్టం గోడను తడపకూడదు.

మొక్కలు కొనే ముందు నేల నీటిని ఎలా ఇంకించుకుంటుందో చూడటం అవసరం. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీళ్లు నింపి, రాత్రంతా ఇంకనివ్వాలి. మర్నాడు మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతోందో కొలవాలి. ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే చాలా మొక్కలకు అనువైన నేల. అంతకన్నా తక్కువైతే వేళ్లు కుళ్లే ప్రమాదముంది. బంకమట్టి కదా అని దానిలో కొద్దిగా ఇసుక కలిపితే నేల మరింత గట్టిపడుతుంది. ఇసుకకు బదులు బాగా మాగిన కంపోస్టు కలపాలి. చెట్టు నాటేటప్పుడు గొయ్యి వేళ్ల ముద్దకు రెండు మూడింతలు వెడల్పుండాలి కానీ దానికన్నా లోతుగా ఉండకూడదు. కాండం మొదలు వెడల్పై వేళ్లుగా మారేచోటు నేల మట్టానికి పైకి కనిపించాలి. చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఆకులో చెక్కపొట్టో పరవచ్చు, కాండానికి మాత్రం తగలనివ్వకూడదు. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి. వేరూనిన మొక్కలకు కొన్ని రోజులు ఆగి, లోతుగా తడిసేలా నీళ్లు పెడితే వేళ్లు కిందికి దిగి ఎండకు తట్టుకుంటాయి. గునపం దింపే ముందు నేల కింద ఏ తీగలు, ఏ గొట్టాలు పోతున్నాయో సంబంధిత సంస్థలను అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

సొంత పనిని ఇంతగా సమర్థించే నేను కొన్నిచోట్ల ఆగమని అంతే గట్టిగా చెబుతాను. గ్యాసు గొట్టాలు, కరెంటు ప్రధాన బోర్డు, పైకప్పు బరువు మోసే గోడలు లైసెన్సున్న వాళ్లకే వదలాలి. పాత రంగుల్లో సీసం, పాత నేల పలకల్లోనూ గొట్టాల తొడుగుల్లోనూ ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా వాటిని పొడిగా రుద్దడం, పగలగొట్టడం ఇంట్లోని పిల్లల ఊపిరితో చెలగాటం. నిచ్చెనను నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా నిలపాలి, ఒంటరిగా ఎక్కకూడదు. తడి చేతులు సోకే చోట ప్లగ్గులకు లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే స్విచ్చు ఉందా, దాని పరీక్ష బటన్ నొక్కితే కరెంటు పోతోందా అని చూడటం మాత్రం అందరూ చేయగలరు, చేయాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, పనివాళ్లను పిలిస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. పిలవండి, తప్పేమీ లేదు. కానీ రేకు పరీక్ష చేసి చూసినవాళ్లు వాళ్లను అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. గోడకు మళ్లీ రంగు వేయమని అడగరు, నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూపించమంటారు. వచ్చినవాళ్లకు కూడా ఇంటి గురించి తెలిసిన మనిషితో మాట్లాడుతున్నామని అర్థమవుతుంది.

చివరగా సంఘానికి నాదొక ప్రతిపాదన. ప్రతి ఇంట్లోనూ పొడవాటి నిచ్చెన, దిమ్మిస, తేమను కొలిచే మీటరు ఉండనక్కర్లేదు. సంఘం తరఫున ఒక్కొక్కటి కొని ఉంచితే సభ్యులు వంతులవారీగా వాడుకోవచ్చు. నెలకో శనివారం ఒక సభ్యుల ఇంటికి నలుగురైదుగురు వెళ్లి గట్టర్లు, వాలు, వాల్వు, స్నానాల గది మూలలు చూసి, చేయగలిగింది అక్కడే చేసిపెట్టాలి. కొత్తగా ఇల్లు కొన్న దంపతులకు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు ముందు అవకాశమివ్వాలి. ఆడవాళ్లు, యువతీయువకులు కూడా పనిముట్టు పట్టి నేర్చుకోవాలి, చూస్తూ నిలబడటానికి పిలవకూడదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను. నిచ్చెన దాచడానికి మా షెడ్డులో చోటుంది.