తాళం తీయాల్సింది సరిహద్దుకే కాదు

2023 ఫిబ్రవరి భూకంపం టర్కీని కుదిపేసినప్పుడు ఆర్మేనియా నుంచి సహాయ సామగ్రితో లారీలు మార్గరా వంతెన దాటి వెళ్లాయి. 1993లో టర్కీ మూసేసిన సరిహద్దు అది. అవసరం నెత్తిన పడితే గేటు తీయడం పెద్ద పనేమీ కాదని ఆ రోజు తేలింది. పని అయ్యాక మళ్లీ మూశారు.

2025 జూన్‌లో ఆర్మేనియా ప్రధాని పాషిన్యాన్ ఇస్తాంబుల్ వెళ్లి టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌ను కలిశారు. స్వాగతించాల్సిందే. కానీ చర్చలన్నీ వ్యాపారం, రాకపోకల చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు గాయం మాత్రం 1915 నాటిది. ఆ ఏడాది ఏప్రిల్ 24న, నేటి టర్కీకి ముందున్న ఒట్టోమన్ సామ్రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ఆర్మేనియన్ మేధావుల అరెస్టులు జరిగాయి. తర్వాత ఊళ్లకు ఊళ్లనే సిరియా ఎడారి వైపు తరిమేశారు. ఆర్మేనియన్ల లెక్కలో మృతులు 15 లక్షలు. యుద్ధకాలంలో ఇరువైపులా చనిపోయారు, జాతి హననం కాదన్నది ఇప్పటికీ టర్కీ పాట. సంబంధాలు చక్కదిద్దుకుందామని 2009లో జ్యూరిచ్‌లో ఆర్భాటంగా సంతకాలు చేసిన ఒప్పందాలను రెండు పార్లమెంట్లూ ఆమోదించకుండానే వదిలేశాయి.

నాయకుల కన్నా ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. ఇస్తాంబుల్‌లో 'ఆగోస్' పత్రిక సంపాదకుడు హ్రాంట్ డింక్ టర్కిష్, ఆర్మేనియన్ భాషలు రెండింటిలోనూ పత్రిక నడుపుతూ ఇరువర్గాలనూ మాట్లాడుకోమన్నారు. జాతి హననాన్ని కాదనడం నేరమంటూ ఫ్రాన్స్ చట్టం తేబోతే, దాన్నీ వ్యతిరేకించారు. మాట నొక్కేది ఏ ప్రభుత్వమైనా ఆయనకు పడేది కాదు. సొంత దేశం మాత్రం 'టర్కిష్‌తనాన్ని అవమానించార'ని శిక్షాస్మృతి 301వ అధికరణం కింద ఆయనకు శిక్ష వేసింది. 2007 జనవరి 19న ఆఫీసు ముందే కాల్చి చంపారు. అంత్యక్రియల్లో లక్ష మందికి పైగా, ఎక్కువమంది టర్కులే, 'మేమంతా హ్రాంట్, మేమంతా ఆర్మేనియన్లం' అన్న బోర్డులు పట్టుకుని నడిచారు. మరుసటి ఏడాది చివర్లో టర్కిష్ మేధావులు ఆన్‌లైన్‌లో క్షమాపణ పత్రం పెడితే వేల మంది సంతకాలు చేశారు.

ప్రభుత్వం తీరు వేరు. సరిహద్దుకు దగ్గర్లోని కార్స్‌లో సయోధ్యకు గుర్తుగా, ఒకే మనిషిని నిలువునా రెండుగా చీల్చి ఎదురెదురుగా నిలబెట్టినట్టున్న భారీ శిల్పాన్ని కట్టారు. ఎర్దోగాన్ దాన్ని వికృతమన్నారు. 2011లో ముక్కలుగా కోసి తీసేశారు.

1915ను జాతి హననంగా గుర్తించే విదేశీ పార్లమెంట్ల తీర్మానాలకు విలువ లేదనం. బాధితులకు అవి ఊరట. కానీ టర్కీ పౌరుడు తన ఊళ్లో, తన పేరుతో, కేసు భయం లేకుండా 1915 గురించి మాట్లాడగలగడం అంతకన్నా పెద్ద మార్పు. అందుకే చర్చలు జరిపే రెండు దేశాల ప్రత్యేక ప్రతినిధులు గేటు తాళంతో పాటు 301ని కూడా బల్ల మీద పెట్టాలి. అది మా అంతర్గత వ్యవహారమని టర్కీ ప్రభుత్వం అంటుంది. డింక్ కూడా టర్కీ పౌరుడే కదా!