ఈడబ్ల్యూఎస్1 ఫారం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఈడబ్ల్యూఎస్1 ఫారం గారికి,

తమరి కోసం నిన్న మధ్యాహ్నం ఇక్కడ లండన్లో ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. 12 నుంచి 5 లోపు ఇంజినీరు వస్తాడు, మా బాల్కనీ పక్క గోడ తెరిచి లోపల ఏముందో చూస్తాడు అన్నారు. సోఫా జరిపాను. తులసి కుండీ లోపలికి తెచ్చాను. ఆయన టీకి పాలు విడిగా తీసిపెట్టాను. 4:50కి మెయిల్ వచ్చింది. గోడ కోసే మనిషి దొరకలేదట, కొత్త తేదీ త్వరలో చెబుతారట. ఈ ‘త్వరలో’ వినడం మొదలుపెట్టి ఇది మూడో ఏడు.

తమరి గురించి తెనాలిలో ఉన్న మా అమ్మకి చెప్పడమే పెద్ద పని. “ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్టా? 8 లక్షలు దాటితే ఇవ్వరు కదరా, నీకెట్టా ఇస్తారు?” అంది. అది కాదమ్మా, బిల్డింగ్ బయటి గోడలు అంటుకుంటాయో లేదో చూసి రాసిచ్చే కాగితం అన్నాను. కాసేపు ఆగి, “ఇక్కడ సచివాలయంలో పెడితే వారంలో ఇస్తున్నారు, లండన్లో మూడేళ్ళేంట్రా” అంది. ఆ సర్టిఫికెట్టూ తమరూ ఇద్దరూ 2019లోనే పుట్టారు, అది జనవరిలో, తమరు డిసెంబరులో. అది 10 శాతం కోటా ఇస్తుంది. తమరేమో, నాకున్న ఇల్లు అమ్ముకోనివ్వకుండా నన్ను నిజంగానే ఆ కోటాకి అర్హుణ్ణి చేస్తున్నారు.

తమరు చట్టం కూడా కాదని ఈమధ్యే తెలిసింది. బ్యాంకుల అవసరం కోసం సర్వేయర్లు తయారుచేసిన ఫారం. ఏ1 నుంచి బీ2 దాకా ఉన్న గ్రేడుల్లో ఒకదానికి టిక్కు, కింద సంతకం, ఐదేళ్ళ ఆయుష్షు. పోనీ నేనే డబ్బు కట్టి తెచ్చుకుందామంటే కుదరదు, బిల్డింగ్ మొత్తానికి ఒక్కటే, అదీ బిల్డింగ్ ఓనరే తెప్పించాలి, నా చేతిలో ఉన్నది ఫ్లాట్ లీజు మాత్రమే. మా ఫ్లాట్ కొంటానన్న అబ్బాయి లోన్ ఆఫర్ ఆర్నెల్లకి మురిగిపోయింది. నిన్న రాత్రే తప్పుకున్నాడు. సింగిల్ బెడ్రూంలో నలుగురం.

ఆలస్యం మా బిల్డింగ్ లక్షణం అని సరిపెట్టుకుందామంటే అదీ కాదు. పోయిన ఉగాదికి గుమ్మానికి తోరణం కట్టాను. మామిడాకులు కూడా కాదు, అమ్మ పంపిన గుడ్డ తోరణం. ఫైర్ డోర్ కదా అని మేకు కొట్టలేదు, అంటించే హుక్కు. మూడో రోజున బిల్డింగ్ బాగోగులు చూసే మేనేజింగ్ ఏజెంట్ ఉత్తరం, ఫొటోతో సహా. ఫొటోలో తోరణం పక్కన కొలతకి స్కేలు కూడా పెట్టారు! ‘కారిడార్లో మండే స్వభావం గల వస్తువు’ ఉందట. 7 రోజుల్లో తీయకపోతే వాళ్ళే తీసి, ఆ ఖర్చు సర్వీస్ చార్జీలో కలుపుతారట. చెప్పుల స్టాండుకి వేరే పేరా. తీశాను. కారిడార్లో పొగ కమ్మితే ఏమవుతుందో తెలుసు కనక నోరు మూసుకుని తీశాను. తీసి, ఆ తోరణం చేత్తో పట్టుకునే బాల్కనీలోకి వెళ్ళాను. కిందనుంచి పైదాకా ఆరంతస్తుల చెక్క బాల్కనీలు, వాటి వెనక లోపల ఏం కుక్కారో ఎవరికీ తెలియని గోడ. మూరెడు గుడ్డ మండుతుందని మూడు రోజుల్లో కనిపెట్టినవాళ్ళకి ఆ గోడ సంగతి మూడేళ్ళయినా తేలలేదు.

2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 14న నీ కాపురం ఈ ఫ్లాట్లోనేనా అని డిక్లరేషన్ అడిగారు, ప్రేమికుల రోజున ఎక్కడున్నావని ఆరా తీసినట్టు. ఇచ్చాను. దాంతో క్లాడింగ్, అంటే బయటి గోడకి తొడిగిన పలకలు, మార్చే ఖర్చు నా నెత్తిన పడదట, సంతోషం. బిల్డింగ్ ఎత్తు 18 మీటర్లో 7 అంతస్తులో ఉంటే భద్రత చూసే కొత్త రెగ్యులేటర్ కన్ను వేస్తాడు. మాది ఆరే. కొత్త లీజులకి గ్రౌండ్ రెంట్, అంటే ఓనరుకి కట్టే నేల అద్దె, ఒక మిరియపు గింజట, అంటే సున్నా. మాది 2016 లీజు, గింజలు తీసుకోరు.

2017 జూన్ 14న ఈ లండన్లోనే గ్రెన్‌ఫెల్ టవర్ అంటుకుని 72 మంది పోయారు. ప్రమాదం ఉందని ఆ టవర్లో ఉండేవాళ్ళు ముందే మొత్తుకున్నారు. ఆ చావులన్నీ తప్పించగలిగినవేనని 2024లో విచారణ నివేదిక తేల్చింది. అంత ఘోరం తర్వాత పుట్టిన కాగితానివి కదా, మా ప్రాణాల కోసం వచ్చావనుకున్నాను. నువ్వు ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్‌వి కావని, ఇంటికి ధర కట్టే వాల్యుయేషన్ కోసమేనని నిన్ను తయారుచేసినవాళ్ళే చెప్పారు. అంటే నిద్ర పట్టాల్సింది బ్యాంకుకి! అర్ధరాత్రి కిందింట్లో ఎవరో బ్రెడ్డు మాడిస్తే అలారం మోగుతుంది, ఆరేళ్ళవాణ్ణి భుజానేసుకుని మెట్లు దిగుతాను. ఆ టెన్షన్‌కి నీ దగ్గర ఏ గడిలో టిక్కు పెట్టాలి? ఏకవచనంలోకి దిగాను. దిగనీ.

ఇవాళ పొద్దున ఆ తోరణం మళ్ళీ గుమ్మానికి కట్టాను. ఫొటో తీసి ఏజెంట్‌కి నేనే పంపాను, స్కేలు పెట్టి మరీ. తీయించడానికి 7 రోజుల్లో మనిషి వస్తాడు, ఆ నమ్మకం ఉంది. వచ్చినవాణ్ణి అట్నుంచటే బాల్కనీలోకి తీసుకెళ్ళి గోడ చూపిస్తాను. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

ఇట్లు,
ఇంకా నూరేళ్ళ పైచిలుకు గడువున్న
నాలుగో అంతస్తు లీజుదారు