నూటికి నూరు వచ్చిన తలనొప్పి

బడిలో ఏ పరీక్షలోనూ నాకు నూటికి నూరు రాలేదు. ఇప్పుడు వరసగా పద్దెనిమిది రోజుల నుంచి వస్తున్నాయి. అదీ నిద్రపోతూ.

పొద్దున్న ఆరింటికి ఒక చేత్తో కణత నొక్కుకుంటూ, ఒక్క కన్ను మాత్రమే తెరిచి ఫోను చూస్తాను. స్లీప్ ఆప్నియాకి, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోతుండే జబ్బుకి, ఇచ్చిన సీప్యాప్ మిషను (మాస్కు ద్వారా ముక్కులోకి గాలి తోసేది) తాలూకు యాప్‌లో పచ్చటి చక్రం గిర్రున తిరిగి 100 దగ్గర ఆగుతుంది. పైనుంచి రంగురంగుల కాగితం ముక్కలు రాలతాయి. 'శభాష్, రాత్రి చాలా చక్కగా గడిచింది!' అంటుంది. ఆశ్చర్యపోయి ముక్కున వేలేసుకోవాలి కదా, వేసుకున్నాను కూడా. ఆ వేలు ముక్కుకి తగిలినట్టు తెలిసింది గానీ, ముక్కు అనేది ఒకటి ఉన్నట్టు తెలియలేదు. రాత్రి రెండింటికే మూతపడింది.

ఈ మిషను మీద నాకు కోపం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. పరీక్ష చేసినప్పుడు గంటకు 42 సార్లు నా ఊపిరి ఆగడమో సన్నబడటమో జరుగుతోందని తేలింది, ఒక్కోసారి కనీసం 10 సెకన్ల పాటు. గంటకు 30 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. అంటే జబ్బులో కూడా నాది ఫస్ట్ క్లాసే. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుందనీ, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడులో రక్తనాళాలు ఉబ్బుతాయనీ, పొద్దుటి తలనొప్పికి అదో కారణమనీ చెప్పారు. మిషను పెట్టుకుంటే పోతుందన్నారు. మాట తప్పలేదు, నిజంగానే పోయింది. పాత అద్దెదారు ఖాళీ చేయగానే కొత్తవాడు సామాను దించుకున్నాడు, అంతే. పాత నొప్పి తలకు రెండు వైపులా బిగించేది. కొత్తది కనుబొమ్మల మధ్య మేకు దిగేసినట్టు మొదలై, బుగ్గ ఎముకల్లోకి బరువుగా దిగి, పదింటి దాకా అక్కడే కూర్చుంటుంది.

ఈ సంగతి చెప్పుకుందామని మిషను ఇచ్చిన చోటికి వెళ్లాను. టెక్నీషియన్ కుర్రాడు నా మొహం చూడలేదు. మిషను లెక్కలుండే చిప్పు తీసుకుని కంప్యూటర్లో పెట్టాడు. మొహం వెలిగిపోయింది (అతనిది).

"సూపర్ సార్! రోజుకి ఏడు గంటలు, ఒక్క రాత్రి కూడా మానలేదు. ఏహెచ్ఐ, అంటే గంటకి ఊపిరి ఆగే లెక్క, 1.8. అయిదు లోపుంటే చాలు సార్, మీది రెండు కూడా లేదు."

"తలనొప్పిగా ఉంటోంది బాబూ."

"లీకు కూడా లిమిట్లోనే ఉంది సార్."

"పొద్దున లేచేసరికి ముక్కు పూర్తిగా దిబ్బడేస్తోంది."

అతను మళ్లీ తెర మీదకు వంగి, నా తలనొప్పి కోసం మౌసుతో పైకీ కిందకీ కాసేపు నిజాయితీగా వెతికాడు. "ఇందులో అయితే ఏమీ చూపించట్లేదు సార్," అన్నాడు బాధగా. నేనేదో అబద్ధం చెబుతుంటే తను పెద్దమనసుతో సర్దుకుపోతున్నట్టు. తర్వాత ఆ మహామంత్రం వేశాడు: "అలవాటైపోతుంది సార్."

అలవాటైపోతుందిట. దేనికి? ముక్కు లేకపోవడానికా?

అసలు రాత్రి ఏం జరుగుతుందో దగ్గరగా చూసినవారెవరూ లేరు కాబట్టి విన్నవించుకుంటాను. పదకొండింటికి యుద్ధానికి వెళ్లేవాడిలా మాస్కు కట్టుకుంటాను. పట్టీలు బిగిస్తాను. మాస్కు అంచుల్లోంచి గాలి లీకైతే యాప్‌లో మార్కులు పోతాయి కదా, ఇంకో మెట్టు బిగిస్తాను. ఒకటిన్నరకు ముక్కులో ఒక రంధ్రం సెలవు చీటీ పెడుతుంది. రెండో రంధ్రం కాసేపు ఓవర్‌టైమ్ చేసి, రెండింటికి అదీ షట్టరు దించేస్తుంది. మిషనుకు ఇదంతా పట్టదు, తన గాలి తాను తోస్తూనే ఉంటుంది. ఊపిరాడక నోరు తెరుచుకుంటుంది. ఇక ముక్కులోకి దూరిన గాలి దూరినట్టే నోట్లోంచి బుస్సుమని బయటికి. వాకిట్లోంచి వచ్చిన చుట్టం పలకరించకుండా పెరటి దోవన పోయినట్టు! ఆ శబ్దానికి మా ఆవిడ లేచి, పాము దూరిందేమోనని లైటు వేస్తుంది. లైటుకి నేను లేచి, ఏమైందని అడుగుతాను. మాస్కులోంచి ఆ మాట ఆవిడకు ఇంకో బుసలా వినబడుతుంది. మాస్కు తీసి చెప్పొచ్చు. కానీ తీస్తే మార్కులు పోతాయి. చేత్తో సైగ చేస్తాను. ఆవిడా సైగే చేస్తుంది, దాని అర్థం ఇక్కడ రాయలేను. మళ్లీ లైటు ఆరుతుంది, మళ్లీ బుస్సు. తెల్లారేసరికి నాలుక అట్టముక్క, తలలో మేకు, ఫోనులో రంగు కాగితాలు.

మధ్యలో సొంత వైద్యం కూడా కానిచ్చాను. ఆక్సీమెటజొలిన్ చుక్కలు వేసుకుంటే ముక్కు గుహలా తెరుచుకుంది. మూడు రాత్రులు చక్రవర్తిలా పడుకున్నాను. ఆ చుక్కలు మూడు, నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి బానిసై, మందు దిగగానే మునుపటి కంటే ఎక్కువగా ఉబ్బుతుందని సీసా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తలనొప్పితో చదవగలిగే అక్షరాలా అవి? ఇంక పొద్దున్నే నొప్పి మాత్రలు. అవి కూడా నెలలో సగం రోజులు మింగుతూ పోతే మాత్రల వల్లే తలనొప్పి వస్తుందిట. ఇంత నమ్మకమైన జబ్బు ఇంకోటి ఉండదు.

చివరికి నన్ను పట్టించుకున్నది ఒక నర్సమ్మ. ఆవిడ చిప్పు అడగలేదు. నా నుదుటి మీద పట్టీ గాడి చూసి "ఇంతగా ఎందుకండీ బిగిస్తున్నారు?" అంది. నోరు ఎండుతోందా అని అడిగింది. మిషనుకుండే నీళ్ల తొట్టిలో పొద్దున్నకు నీళ్లు ఎంత తగ్గుతున్నాయని అడిగింది. పెద్దగా తగ్గవన్నాను, కాస్త గర్వంగా. రోజూ డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోసి, తగ్గకపోతే మిషను పొదుపుగా వాడుతోందనుకునేవాణ్ణి. ఆవిడ ఒక బటన్ నొక్కి చూపించింది. ఆ నీళ్లను వేడిచేసి గాలిని తడిపే హ్యుమిడిఫయర్ ఆఫ్‌లో ఉంది. మొదటిరోజు నుంచీ.

అంటే నెల రోజులుగా నేను రాత్రంతా నీళ్లకు కాపలా కాస్తూ పొడిగాలి పీల్చుకున్నానన్నమాట. ముక్కు లోపలికొచ్చే గాలిని తడిపి, వెచ్చబరిచి, బయటికెళ్లే గాలిలోంచి ఆ తడిని కొంత వెనక్కి పట్టుకుంటుందిట. గాలి నోట్లోంచి పారిపోతే ఆ తడి ముక్కుకు తిరిగి రాదు. ముక్కు ఎండుతుంది, ఎండిన కొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ నోరు తెరుచుకుంటుంది. పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే కొట్టమంది, పట్టీలు రెండు మెట్లు వదులు చేసింది, హీటరు మధ్యస్థంగా పెట్టింది. అప్పటికీ దిబ్బడ తగ్గకపోతే డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాస్తారనీ, నోరు తెరుచుకోవడం ఆగకపోతే నోటిని కూడా కప్పే మాస్కు ఉందనీ చెప్పింది. అంతా కలిపి ఏడు నిమిషాలు. మొదటి రాత్రి అత్యుత్సాహంతో నేనే హీటరు ఆఖరికి తిప్పేస్తే, చల్లటి గదిలో ఆవిరి గొట్టంలోనే నీరై, తెల్లవారుజామున మూడింటికి నేరుగా ముక్కులోకి దిగి మంచంలోనే మునిగినంత పనైంది. అది నా తెలివి.

ఏడు నిమిషాలు! ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఈ గాలి వైద్యాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ 1981లో అయిదుగురు రోగుల గురించి రాశాడు. తొలినాళ్లలో మాస్కును రోజూ ముక్కుకి జిగురుతో అంటించేవారు. ఆ జిగురు మొహాలతో మొదలైన వైద్యం ఇవాళ జేబులోని ఫోనుతో మాట్లాడుతోంది, కానీ రోగితో మాట్లాడేవాడు లేడు. రాత్రికి 4 గంటలు, నెలలో 70 శాతం రాత్రులు పెట్టుకున్నాడా లేదా? అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు కట్టడానికి చూసే లెక్క ఇది. దాన్నే పట్టుకుని చాలాచోట్ల మనిషిని కొలుస్తున్నారు. ముక్కు దిబ్బడేసి, తల పగిలి, మూడో వారంలో మాస్కు తీసి అటక మీద పడేసినవాడికి ఫైల్లో ఏమని రాస్తారో తెలుసా? 'నాన్ కంప్లయంట్.' మాట వినడట! వినలేదెవరయ్యా? తలనొప్పి అని మూడుసార్లు చెప్పింది వాడు. వాడి గుండె, వాడి బీపీ, స్టీరింగు ముందు వాడి కునికిపాట్లు, ఇన్నింటిని ఒక్క బటన్ కోసం గాలికొదిలేసి, తప్పు కూడా వాడి ముక్కుకే అంటగడతారా?

సరే. నిన్న పొద్దున లేచాను. నోరు తడిగా ఉంది. కనుబొమ్మల మధ్య మేకు లేదు, చేత్తో తడిమి మరీ చూసుకున్నాను. ముక్కు రెండువైపులా తెరిచే ఉంది. ఫోను చూస్తే 86. పట్టీలు వదులైనందుకు కొన్ని, స్ప్రే కోసం రెండుసార్లు మాస్కు తీసినందుకు కొన్ని కోసేశారు. రంగు కాగితాలు లేవు.

పదింటికి ఫోను మోగింది. ఆ టెక్నీషియన్ కుర్రాడే. నెల రోజుల్లో తనంతట తాను చేయడం ఇదే మొదటిసారి.

"సార్, తగ్గిందేంటి సార్?" అన్నాడు కంగారుగా.

"అవును బాబూ, పూర్తిగా తగ్గింది," అన్నాను.