మరియు/లేదా

2025 మార్చి నెలాఖరులో మొదలుపెట్టి నెల తిరక్కముందే అమెరికా ప్రభుత్వం 4,700కు పైగా విదేశీ విద్యార్థుల సెవిస్ (వాళ్ల విద్యార్థి హోదా నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దు చేసింది. కేసులు వందకు పైగా పడ్డాయి. జడ్జీలు వరసగా మొట్టికాయలు వేశారు. ఏప్రిల్ 25న ప్రభుత్వ లాయర్లు కోర్టులో నిలబడి, రికార్డులు తిరిగి ఇచ్చేస్తున్నామన్నారు. 'మన విద్యార్థులకు ఊరట' అని టీవీల్లో స్క్రోలింగ్ వచ్చింది, ఆ వెంటనే మరో వార్త వచ్చింది. మాకు మాత్రం ఇందులో ఊరటేమీ కనిపించడం లేదు.

ఈ రద్దులు ఎలా చేశారో ఏప్రిల్ 29న వాషింగ్టన్ కోర్టులో ఇమిగ్రేషన్ అధికారే స్వయంగా చెప్పారు. దాదాపు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డుల డేటాబేస్‌లో వేసి చూశారు. 6,400 దాకా తగిలాయి. శిక్ష పడినవాళ్లతో పాటు కేసు కొట్టేసినవాళ్లు, అసలు కేసే పెట్టనివాళ్లు, ట్రాఫిక్ ఫైన్ కట్టేసి మర్చిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. జపాన్ నుంచి వచ్చిన ఒక పీహెచ్‌డీ విద్యార్థి మీద ఉన్నవల్లా చేపలు పరిమితికి మించి పట్టారన్న పాత ఫిర్యాదు, ఒకటి రెండు స్పీడింగ్ ఫైన్లు.

ఇక రికార్డులో రాసిన కారణం చూడండి. నేర రికార్డుల తనిఖీలో పేరు వచ్చింది 'మరియు/లేదా' వీసా రద్దయింది. చాలామందికి ఇదే వాక్యం. మరియునా, లేదానా? మన పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను నోటీసు మీద కూడా ఇంతకంటే వివరం ఉంటుంది. పైగా ఆ నోటీసు ఇంటికొస్తుంది. ఇక్కడ అదీ లేదు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి సిస్టమ్‌లో లాగిన్ అయి చూసుకుంటే గానీ సంగతి బయటపడలేదు. చాలాచోట్ల ఆ అధికారికే ముందుగా తెలియదు.

తెలిసిన క్షణం నుంచి ఆ విద్యార్థి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని చేయకూడదు, ల్యాబ్‌లో జీతం తీసుకోకూడదు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉంటే ఉద్యోగానికి వెళ్లకూడదు. ఎంఎస్ చివరి సెమిస్టర్, నెలలో స్నాతకోత్సవం, ఇక్కడ పొలం తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు లోను. బాధితుల నుంచి 327 ఫిర్యాదులు సేకరించిన అమెరికా ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం, అందులో సగం మంది భారతీయులేనని తేల్చింది. అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల్లో సగానికి పైగా మన రెండు రాష్ట్రాల పిల్లలేనని హైదరాబాద్ కాన్సులేట్ వాళ్లే చెప్పారు. అంటే దెబ్బ ఎవరి ఇంటి మీద పడిందో లెక్క కట్టనక్కర్లేదు.

వీసా హక్కు కాదు, తమ గడ్డ మీద ఎవరుండాలో తేల్చుకునే అధికారం ప్రతి దేశానికీ ఉంటుందన్న వాదన ఉంది. ఉంటుంది, కాదన్నదెవరు? తప్పు చేసినవాణ్ణి పంపించండి. కానీ తప్పేమిటో ముందు వాడికి చెప్పండి, వాడి జవాబు వినండి. ప్రపంచానికంతటికీ చట్టబద్ధ ప్రక్రియ గురించి పాఠాలు చెప్పే దేశాన్ని మేము అడుగుతున్నది ఒక్క నోటీసు.

రికార్డులు తిరిగి వచ్చాయిగా, ఇంకా ఈ గోలెందుకు అనేవారు, పునరుద్ధరణ ప్రకటన వెనకాలే వచ్చిన అంతర్గత మెమో సంగతి చూడాలి. వీసా రద్దయితే సెవిస్ రికార్డు కూడా తీసేయవచ్చని అందులో రాసుకున్నారు. వీసా అనేది దేశంలోకి అడుగుపెట్టడానికి ఇచ్చే కాగితం. లోపలికి వచ్చాక విద్యార్థి హోదా చదువు మీద ఆధారపడుతుంది. వీసా పోయినా చదువు పూర్తి చేసుకోవచ్చన్నది ఇన్నేళ్లుగా అమలైన పద్ధతి. ఇప్పుడు ఆ గోడ కూల్చేశారు. ఏప్రిల్‌లో దొడ్డిదారిన చేసిన పనికి మే నెలకల్లా రాజమార్గం వేసుకున్నారన్నమాట. ఈసారి కోర్టుకు వెళ్తే 'మా నిబంధన ప్రకారమే చేశాం' అంటారు. మా భయమంతా దీని గురించే. ఒకసారి నోటీసు లేకుండా తీసేసి నిలబడగలిగితే, రెండోసారి నోటీసు ఎందుకిస్తారు?

ఇది కొత్త భయమూ కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు, ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు తగిలించారు. ఆ కాలేజీకి అనుమతి ఇచ్చింది అమెరికా ప్రభుత్వమే. ఆ తర్వాత మిషిగన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, ఫార్మింగ్టన్ పేరుతో ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ నడిపింది, ఫీజులు వసూలు చేసింది, 2019లో చేరినవాళ్లను అరెస్టు చేసింది. క్లాసులుండవని తెలిసే చేరారన్నారు. కొందరికి తెలిసే ఉండొచ్చు, వాళ్లను వెనకేసుకు రావడం మా పని కాదు. కానీ వల వేసినవాడే నీతులు చెబితే వినాలా? ఆ ఫీజు డబ్బుల కోసం విద్యార్థులు వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు మళ్లీ బతికించాల్సి వచ్చింది.

అప్పుడు ఢిల్లీ కనీసం డిమార్ష్ (దౌత్యపరమైన నిరసన పత్రం) ఇచ్చింది. 2025లో? విషయం తెలుసు, పరిశీలిస్తున్నాం, రాయబార కార్యాలయం విద్యార్థులతో మాట్లాడుతోంది అని ఒక ప్రకటన. అమెరికాతో వాణిజ్య ఒప్పందం చర్చలు అప్పుడు నడుస్తున్నాయి కదా, నోరు తగ్గించుకున్నట్టుంది.

ఢిల్లీని అనే ముందు ఇక్కడివాళ్ల మాట. 2025 జూలై మొదటి వారంలో డెట్రాయిట్ దగ్గర నోవైలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు జరిగాయి. ఇలాంటి సభలంటే రెండు రాష్ట్రాల నాయకులూ సూట్లు కుట్టించుకుంటారు. నోవైకి ఆనుకుని ఉన్న ఊరే ఫార్మింగ్టన్ హిల్స్, ఆ దొంగ యూనివర్సిటీ బోర్డు పెట్టిన ఊరు. మళ్లీ అమెరికా సభలకు వెళ్లినప్పుడు, శాలువాలు కప్పించుకుని, ప్రవాసులు పెట్టుబడులు తేవాలని ప్రసంగాలు దంచే ముందు, కారెక్కి అక్కడిదాకా ఒకసారి వెళ్లి రండి. వచ్చాక అదే మైకులో, నోటీసు లేకుండా మా పిల్లల చదువు ఎలా తీసేశారని అడగండి. అడిగే ధైర్యం లేకపోతే టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి.