బోర్డు పెడితే బాధ్యత తీరదు

మన్యంలో వానలు పడగానే జలపాతాల దారుల్లో మళ్లీ అవే బోర్డులు: ‘ప్రమాదకర ప్రాంతం, ప్రవేశం నిషిద్ధం’. ఎవరో ఒకరు కొట్టుకుపోవడం, రెండు రోజులు గాలింపు, సంతాప ప్రకటన, ఆ తర్వాత బోర్డు. దీన్నే భద్రత అనుకోమంటే కుదరదు.

విశాఖ నుంచి శని, ఆదివారాల్లో బండ్లు కట్టుకుని బయల్దేరే యువతకు అరకు, బొర్రా సరిపోవడం లేదు. అందులో తప్పేముంది? ఘాట్ రోడ్డులో ట్రాఫిక్ జామ్‌లు, వ్యూ పాయింట్ దగ్గర తోపులాట చూశాక ఎవరైనా జనం లేని చోటే వెతుక్కుంటారు. వంజంగి కొండ గురించి కొన్నేళ్ల క్రితం వరకు పాడేరు చుట్టుపక్కల వాళ్లకే తెలుసు. ఇప్పుడు చలికాలం తెల్లవారుజామున అక్కడ కాలు పెట్టే సందు దొరకదు. లంబసింగిదీ అదే పరిస్థితి. అక్కడ కిక్కిరిసేసరికి జనం సరియా, తాటిగుడ, కొత్తపల్లి జలపాతాలకు మళ్లారు. అవీ నిండితే ఇంకా లోపలికి, పేరైనా సరిగా తెలియని గెడ్డల (కొండవాగుల) దగ్గరికి పోతున్నారు.

అలా వెళ్లేవారిని రమ్మని పిలుస్తున్నది ఎవరు? ప్రభుత్వమే. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, 2024-29 పాలసీ తెచ్చింది, హోమ్‌స్టేలను ప్రోత్సహిస్తామంది. మంచిదే. గిరిజన గూడేలకు నాలుగు డబ్బులు వస్తాయంటే ఎవరూ కాదనరు. కానీ పిలిచినవాళ్లే, ప్రాణం పోయాక ‘హెచ్చరిక బోర్డు పెట్టాం, వినలేదు’ అని తప్పుకోవడమేమిటి?

2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణిలో ముగ్గురు వైద్య విద్యార్థులు చనిపోయారు. నీళ్లు ఒక్కసారిగా పెరగడంతో కొట్టుకుపోయారు. మన్యం గెడ్డల తీరే అంత. పైన కొండ మీద కుండపోతగా కురుస్తున్నా కింద ఎండ కాస్తూనే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లు చూస్తుండగానే నడుము దాటుతాయి. బండ మీది పాచి కాలు నిలవనివ్వదు, జలపాతం కింది సుడి పైకి రానివ్వదు. ఈ సంగతి గూడెంలో పదేళ్ల పిల్లాడికీ తెలుసు, నగరం నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడికి తెలియదు. తెలిసినవాణ్ణి తెలియనివాడి పక్కన నిలబెట్టే ఏర్పాటు మాత్రం చేయరు. ఆ పని బోర్డు చేస్తుందా?

తాగి నీళ్లలోకి దిగేవాళ్లను, సెల్ఫీ కోసం బండ అంచుకు పోయేవాళ్లను ఎవరాపగలరని అధికారులు అడుగుతారు. నిజమే, ఒళ్లు తెలియకుండా ప్రవర్తించేవాళ్లున్నారు. అయితే వాళ్లను చూపించి అందరినీ గాలికి వదిలేయడం ఒప్పుకునే మాట కాదు.

మా ఆందోళన ఈ అలవాటు గురించే. బోర్డు పెడితే చాలు, ఇక ఎవరూ జవాబు చెప్పక్కర్లేదనేది ఒక రివాజుగా స్థిరపడిపోతోంది. ఒక జలపాతం మూసేస్తారు, జనం ఇంకో జలపాతానికి వెళ్తారు. అక్కడా ప్రమాదం జరిగాక దాన్నీ మూసేస్తారు. రేపు మన్యమంతా బోర్డులే మిగులుతాయి. బోర్డు వల్ల ఒడ్డెక్కినవాడు ఒక్కడూ లేడు.

నీళ్లలో పడ్డవాళ్లను వెతికేది ఎవరో కూడా చూడాలి. చాలాసార్లు అధికారుల బృందం చేరేలోపే గూడెం కుర్రాళ్లు తాడు, లారీ ట్యూబు పట్టుకుని దిగుతారు. రోడ్డు లేని చోట వెదురు బొంగుకు దుప్పటి కట్టి, మృతదేహాన్ని డోలీలో 108 నిలిచే మలుపు దాకా మోస్తారు. పురిటి నొప్పులు పడుతున్న తమ ఇంటి ఆడబిడ్డలను మోసుకెళ్లేదీ అదే డోలీలో. ప్రాణాలకు తెగించి దిగినందుకు వాళ్లకు జీతమూ లేదు, శిక్షణా లేదు, కనీసం లైఫ్ జాకెట్టూ లేదు. పర్యాటకం పేరుతో వచ్చే ఆదాయంలో మొదటి వాటా దక్కాల్సింది వీళ్లకే.

చేయలేని పనులేమీ అడగడం లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో బోటు మునిగి పదుల మంది చనిపోయాక నదుల్లో పర్యాటక బోట్ల కోసం కంట్రోల్ రూములు పెట్టారు. ఆ శ్రద్ధ గెడ్డల మీద ఎందుకు లేదు? జనం వెళ్లే ప్రతి జలపాతం దగ్గర ఆ ఊరి కుర్రాళ్లనే జీతమిచ్చి కాపలా పెట్టండి. ఈత వచ్చినవాళ్లు అక్కడే దొరుకుతారు. బండకు తాడు కట్టించండి, ట్యూబులు ఉంచండి. పైన వాన మొదలైతే కింద ఉన్నవాళ్లకు కబురందేలా ఏర్పాటు చేయండి. విపత్తుల సంస్థ ఫోన్లకు పంపే హెచ్చరికలు సిగ్నల్ లేని లోయలో ఎవరికీ చేరవు, అక్కడ సైరనో డప్పో ఉండాలి. ఎవరు లోపలికి వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది దారి మొదట్లో పుస్తకంలో రాయించండి. ఏ చోటు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో గ్రామసభను అడగండి. నీటి సంగతి కలెక్టరేట్ కన్నా వాళ్లకే బాగా తెలుసు.

డబ్బు లేదని మాత్రం చెప్పకండి. అరకులో చలి ఉత్సవానికి డబ్బు దొరికింది. జలపాతం దగ్గర ఒక తాడుకు, ఇద్దరు ఈతగాళ్ల జీతానికి దొరకలేదంటే అది నిధుల కొరత కాదు, నిర్లక్ష్యం. వచ్చే ప్రమాదానికి ఇప్పుడే ఎవరి పేరు రాసుకోవాలో జిల్లా యంత్రాంగం చెప్పాలి. ఏ జలపాతానికి ఏ అధికారి బాధ్యుడో ఈ వారంలోనే ప్రకటించాలి.