మెర్మెయిడ్ పూటకూళ్ళమ్మగారికి ఒక ఉత్తరం

మహాలక్ష్మీ సమానురాలైన మెర్మెయిడ్ ఇన్ గారికి,
మెర్మెయిడ్ వీధి, రై పట్టణం, ఇంగ్లండు.

నమస్కారాలు. సంబోధన దగ్గరే నా పెన్ను కాసేపు ఆగింది. మా పాత ఉత్తరాల్లో భర్త పోయిన పెద్దావిడకు 'గంగాభాగీరథీ సమానురాలు' అని రాసేవారు. మీరు మెర్మెయిడ్ ఇన్, అంటే మత్స్యకన్య సత్రం. కనక మీ ఆయన సముద్రుడే. ఆయనేమో పోలేదు. మిమ్మల్ని వదిలి 2 మైళ్ళ అవతల వేరు కాపురం పెట్టాడు, అంతే. అందుకే మహాలక్ష్మి అని ఖాయం చేశాను. తప్పయితే మన్నించండి.

మా అబ్బాయి 'సముద్రం ఒడ్డున పాతకాలపు పబ్' అని నన్ను మీ ఊరు తీసుకొచ్చాడు. గులకరాళ్ళు పరిచిన మీ వీధి ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండూ మొర పెట్టుకున్నాయి. పైకొచ్చి చూస్తే ఒడ్డు లేదు, సముద్రమూ లేదు. మీరు మాత్రం గుమ్మం మీద మత్స్యకన్య బొమ్మ పెట్టుకుని కూర్చున్నారు. మెట్టమీదికి చేప కూతుర్ని కాపురానికి పంపినవాళ్ళెవరో!

చరిత్ర కాస్త తిరగేశాను. మీ నేలమాళిగలు 1156 నాటివని చెప్పుకుంటారు. 1377లో ఫ్రెంచివాళ్ళు పడవలేసుకొచ్చి ఊరు తగలబెట్టి, చర్చి గంటలు కూడా ఊడబీక్కుని పోయారు. మరుసటి ఏడాది మీవాళ్ళు నార్మండీ వెళ్ళి, అక్కడ తగలబెట్టాల్సింది తగలబెట్టి, గంటలు వెనక్కి తెచ్చుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడాలు అంటే అవీ! మిమ్మల్ని మాత్రం 1420లో గానీ మళ్ళీ నిలబెట్టలేదు. ఆ సంగతి గోడ మీద బోర్డు రాసి పెట్టుకున్నారు, 'తిరిగి కట్టినది, 1420' అని. మా ఊళ్ళో హోటలుకు 'స్థాపితం 1987' అని రాస్తేనే నాణ్యత మీద నమ్మకం కుదురుతుంది. మీరు కొలంబస్ పుట్టకముందే రిపేరు చేయించుకున్నారు!

సముద్రుడి మీద మీకు కోపం ఉండొచ్చు. నేనైతే ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను. 1287 తుఫానులో పొరుగునున్న పాత విన్చెల్సీ పట్టణాన్ని మింగేసి, రోథర్ నదిని పక్కకు మళ్ళించి, దాని నోరు తెచ్చి మీ ఊరి కాళ్ళ దగ్గర పెట్టింది ఆయనే. పొరుగింటికి శ్రాద్ధం, మీ ఇంటికి పెళ్ళి. ఆ దశతోనే రై పెద్ద రేవు అయ్యింది. తర్వాత ఇసుకా ఒండ్రూ మేట వేస్తుంటే మీ ఊరివాళ్ళు ఏం చేశారు? గట్లు కట్టి, బాడవ నేలను ఎండగట్టి, గొర్రెలు మేపుకున్నారు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే కదండీ.

ఆ గొర్రెల దగ్గరే మీ అసలు కథ మొదలు. ఎగుమతయ్యే ఉన్ని మీద 1275లోనే రాజుగారు సుంకం వేశాడు. తర్వాత్తర్వాత ఉన్ని దేశం దాటించడమే నేరమన్నారు. దాంతో మీ పక్కనున్న రామ్నీ బాడవల్లో ఉన్ని మూటలకు రాత్రిపూట కాళ్ళొచ్చాయి. ఆ మూటలు మోసేవాళ్ళను గుడ్లగూబలనేవారట. ఖాళీ పడవతో తిరిగి రావడం వ్యాపార లక్షణం కాదు కనక వచ్చేటప్పుడు బ్రాందీ, పొగాకు, లేసులు వేసుకొచ్చేవారు.

అన్నిటికంటే ముఖ్యంగా, టీ పొడి!

ఇక్కడ నాకు నవ్వాగలేదు. 1730, 40ల్లో మీ ఇంట్లో మకాం వేసిన హాక్‌హర్స్ట్ అనే దొంగసరుకుల ముఠా గుండెలు తీసిన బంట్లని విన్నాను. తుపాకులు దట్టించి బల్ల మీద పెట్టుకుని, పక్కన మగ్గులు పెట్టుకుని, ఎవడొస్తాడో రమ్మని కూర్చునేవారట. ఇంత హంగామా దేనికయ్యా అంటే పొద్దున్నే మా ఆవిడ గిన్నెలో వేసే టీ పొడికి. తాగేది మీ బీరు, చచ్చేది టీ కోసం! పన్ను అలాంటిది మరి. 1784 నాటికి టీ మీద సుంకం నూటికి 119. సరుకు కన్నా సుంకం బరువు. ఆ ఏడాది మీ ప్రధాని చిన్న పిట్ ప్రభుత్వం దాన్ని పన్నెండున్నరకు దించగానే దొంగ టీ వ్యాపారం చప్పబడిపోయింది. మా కాకతి గణపతిదేవుడు 1244లోనే మోటుపల్లి రేవులో రాయి పాతించి, ముప్పయ్యో వంతు సుంకం కట్టండి, భయం లేకుండా వ్యాపారం చేసుకోండి అని వర్తకులకు అభయమిచ్చాడు. మీ పార్లమెంటు దారిన పోతూ ఆ రాయి చదువుకుని ఉంటే మీ గోడలకు ఇన్ని కథలుండేవి కావు. మోటుపల్లిలో ఇప్పుడు రేవూ లేదు, రాయిని చూడ్డానికి జనమూ రారు. ముఠా లేని చరిత్రను ఎవరు చూస్తారు చెప్పండి?

ఇంకో చిన్న లెక్క మా వైపుది. 1721లో మీవాళ్ళు చీటి అనే అచ్చుల నూలు గుడ్డ కట్టుకోకూడదని చట్టం చేశారు. అంతకుముందే లండన్ నేతగాళ్ళు వీధుల్లో ఆడవాళ్ళ ఒంటి మీది చీటి గుడ్డలను చించేశారు. ఆ గుడ్డల్లో మా బందరు అద్దకాలూ ఉండేవి. మీ ఈస్టిండియా కంపెనీ 1611 నుంచీ బందరులో కొట్టు పెట్టుకుని కొన్నది వాటినే కదా. 1774 దాకా ఆ నిషేధం సాగింది. వద్దన్న గుడ్డ రాత్రి దారిన రాకుండా ఉండదు. మీ నేలమాళిగలో ఓ మూల మా పెడన వైపు పువ్వూ తీగా నక్కి ఉండొచ్చని నా ఊహ. సాక్ష్యం అడక్కండి.

సరే, అసలు విషయానికొస్తాను. పూల్ పట్టణపు సుంకాల గిడ్డంగిలో అధికారులు పట్టుకున్న టీ ఉంటే, 1747 అక్టోబరులో మీ అతిథులు మిగతా ముఠాలతో కలిసి వెళ్ళి, తలుపు పగలగొట్టి ఎత్తుకొచ్చారు. దారిలో జనం నిలబడి చూశారు, పెళ్ళి ఊరేగింపులాగా. అందులో ఒక దొంగ, పాత పరిచయం కొద్దీ, డేనియల్ చేటర్ అనే చెప్పులు కుట్టే ఆయనకు ఒక టీ పొట్లం విసిరాడు. చేటర్ ఆ ముచ్చట నలుగురికీ చెప్పుకున్నాడు. సాక్ష్యానికి పిలిచారు. తోడుగా విలియం గాలీ అనే సుంకం ఉద్యోగిని పంపారు. 1748 ఫిబ్రవరిలో ఆ దోపిడీవాళ్ళూ వాళ్ళ నేస్తాలూ కలిసి ఇద్దరినీ దారిలో పట్టుకుని హింసించి చంపారు. గాలీని పాతిపెట్టారు. చేటర్‌ను బావిలో పడేసి పైనుంచి రాళ్ళు వేశారు. ఒక్క టీ పొట్లానికి!

ఆ ఇద్దరి పేర్లు మీ ఇంటి కథల్లో ఎక్కడొస్తాయా అని చెవులు రిక్కించాను. ముఠా ఘనత వినిపించింది, తుపాకులు వినిపించాయి, అలమర వెనక దొంగదారి వినిపించింది. 16వ గదిలో కత్తియుద్ధం చేసే దెయ్యాలు కూడా వినిపించాయి. మా దగ్గర దెయ్యముందంటే ఇంటద్దె సగానికి పడిపోతుంది. మీ దగ్గర దెయ్యముంటే ఆ గదికే గిరాకీ అనుకుంటాను.

మీరు ఆరొందల ఏళ్ళ పూటకూళ్ళమ్మ అన్న పేరు మీద కూడా ఒక మాట. 1770 నాటికే మీలో సత్రం నడవడం ఆగిపోయింది. ముఠా నాయకులను ఉరితీసి అప్పటికి ఇరవై ఏళ్ళు. బేరం తగ్గిందేమో పాపం. మళ్ళీ 1913లో ఒకావిడ మిమ్మల్ని కొని క్లబ్బు పెట్టాకే మీకు దశ తిరిగింది. అంటే మధ్యలో నూట నలభై ఏళ్ళు మీరూ మామూలు ఇల్లే. ఆ కాలం గురించి ఎవరూ ఒక్క కథా చెప్పరు. పాపం చేయని ఏళ్ళకు బోర్డుండదు.

మా వీధి చివర ఒక బెల్టు షాపు ఉంది. లైసెన్సు లేదు. పోలీసు జీపు చప్పుడు వినపడితే సీసాలు పక్కింటి గడ్డివాములోకి పోతాయి, మీ దొంగదారి లాగే. దాని యజమాని కూడా మొన్న రాత్రి ఎవరి మీదో కుర్చీ ఎత్తాడు. నేను వాడికి మీ సంగతి చెప్పి, తొందరపడి మూసేయకు, ఇంకో రెండొందల డెబ్బై ఏళ్ళు ఓపిక పట్టు, టిక్కెట్టు పెట్టొచ్చు అన్నాను. వాడు బోర్డుకు రంగు ధర అడిగాడు.

మీకు వీలుంటే ఒక చిన్న పని చేయండి. దెయ్యాల గదుల పక్కన ఏదో ఒక ఇరుకు గదికి చేటర్ పేరు పెట్టి, బల్ల మీద ఒక టీ పొట్లం ఉంచండి. సుంకం కట్టిందే.

ఇట్లు,
మోకాళ్ళ నొప్పులతో,
బందరు వైపు వాడొకడు

తా.క.: తిరుగు దారిలో మా అబ్బాయి కాంబర్ ఇసుకతిన్నెలకు తీసుకెళ్ళాడు. మీ ఆయన అక్కడే ఉన్నాడు. కులాసాగా పిల్లల బకెట్లలో నీళ్ళు పోస్తున్నాడు. మీ గురించి ఏమీ అడగలేదు.