జేబులో పట్టే గాలం కట్టె ఎవరికి కావాలి?

పోయిన ఆదివారం హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, మా ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడొకడు చొక్కా జేబులోంచి లావుపాటి పెన్ను ఒకటి తీశాడు. మూత తీసి లాగితే అది మూడడుగుల గాలం కట్టె అయింది. "అన్నా, ఎట్లుంది? లక్నవరం దిక్కు పోయినప్పుడు జేబుల ఏస్కొని పోవచ్చు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. వాడి సంతోషం చెడగొట్టడం ఎందుకని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఎందుకంటే రెండేళ్ల కింద అచ్చం అలాంటి పెన్నే నేనూ కొన్నాను.

నా పెన్ను కథ చిన్నదే. ములుగు దగ్గర మా మేనత్త వాళ్ల ఊరి చెరువు. ఆ చెరువు చేపల మీద హక్కున్న మత్స్య సహకార సంఘం వాళ్లకు ముందే చెప్పి, బావతో కలిసి కట్ట మీద కూర్చున్నాను. నా చేతిలోది చూసి బావ అన్న మొదటి మాట: "ఏం బామ్మర్దీ, పండ్లు తోముకునే బ్రష్‌తోని చేపలు పడ్తవా?" తౌడు, పల్లిచెక్క కలిపిన ముద్ద పెట్టి విసిరాను. నాలుగు గజాలు కూడా పోలేదు. మూడడుగుల కట్టెకు విసురు ఎక్కడి నుంచి వస్తుంది? అయినా కట్ట రాళ్ల పక్కనే తిరుగుతున్న బొచ్చె ఒకటి పట్టుకుంది. కేజీన్నర ఉంటుందని బావ అంటాడు. తప్పించుకున్న చేప కాబట్టి నేను రెండు కేజీలు అంటాను. బెండు మునిగింది, లాగాను, కొస టిక్కుమంది. అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు, అంతే. పక్కన బావ మామూలు బొంగు కట్టెతో సాయంత్రానికి నాలుగు జెల్లలు, ఒక మట్టగిడస పట్టి చేటలో వేశాడు.

ఆ రోజు నుంచి నా గోల ఒకటే. ప్రయాణాల కోసం రాడ్ కొనేవాళ్లంతా మడిస్తే ఎంత ఉంటుందో చూస్తున్నారు, విప్పితే ఎలా ఉంటుందో చూడడం లేదు. ఇరవై సెంటీమీటర్లకు మడత పడింది, పదిహేనుకు మడత పడింది అని పోటీ. గాలం కట్టె బ్యాగులో పడితే చాలు కదా, జేబులో పట్టి ఏం చేస్తాం?

చిన్నది అవసరం లేదని కాదు. మా బాపు దగ్గర పదడుగుల బొంగు ఉండేది, దాన్ని చూస్తే పల్లెవెలుగు కండక్టర్ బస్సే ఎక్కనిచ్చేవాడు కాదు. నేనూ మొదట్లో ఏడడుగుల రాడ్ కొన్నాను. రెండు ముక్కలుగా విడదీసినా ఒక్కోటి మూడున్నర అడుగులు. బండి మీద వెనక కూర్చుని అడ్డంగా పట్టుకుంటే ములుగు రోడ్డులో ఒక ఆటో అద్దానికి తగిలింది. ఆ అన్నతో పడ్డ మాటలు ఇక్కడ రాయలేను. కాబట్టి చిన్నది కావాల్సిందే. ఎంత చిన్నది అనేది కొలిచి చూసుకోండి. కాలేజీ పిల్లలు వేసుకునే మామూలు బ్యాగు లోపలి ఎత్తు నలభై అయిదు, యాభై సెంటీమీటర్లు ఉంటుంది. అరవై సెంటీమీటర్ల రాడ్ పెడితే పైన పది, పదిహేను సెంటీమీటర్లు బయటికి వస్తుంది, రెండు జిప్పులూ దాని దగ్గరికి లాగితే సరిపోతుంది. అంతకన్నా తగ్గించాలనుకుంటే, తగ్గిన ప్రతి సెంటీమీటరుకూ చెరువు దగ్గర ఏదో ఒకటి పోగొట్టుకుంటారు.

ఇప్పుడు టెలిస్కోపిక్ సంగతి. పాత రేడియో ఏరియల్ గుర్తుందా, అదే పద్ధతి. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు, చివర్లు బిగుసుకుని నిలబడతాయి. రెండు మీటర్ల పది సెంటీమీటర్ల రాడ్ మడిస్తే నలభై, నలభై అయిదు సెంటీమీటర్లకు వస్తుంది. దారం చుట్టుకునే రీలు దానికే ఉంచి, తంగూసు (గాలం దారం) కూడా అది దూరే రింగుల్లోంచి తీయకుండానే మడిచేయొచ్చు. దారిలో చెరువు కనిపించిందంటే నిమిషంలో సిద్ధం. ఈ ఒక్క సుఖం కోసమే నేనూ ఒకటి ఉంచుకున్నాను. కానీ సాధారణంగా ఒక్కో గొట్టానికి చివర్లో ఒకటే రింగు ఉంటుంది. చేప లాగినప్పుడు కట్టె విల్లులా గుండ్రంగా వంగదు, అతుకు అతుకు దగ్గర ఆగి ఆగి వంగుతుంది. బరువంతా ఆ అతుకుల మీద పడుతుంది. గొట్టాలు ఎన్ని ఎక్కువైతే ఈ జబ్బు అంత ఎక్కువ. అందుకే మరీ పొట్టిగా మడత పడేది వద్దు అని మొత్తుకుంటున్నాను.

దాని అసలు శత్రువు చేప కాదు, ఇసుక. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున నా టెలిస్కోపిక్‌ను ఇసుకలో అలా పడుకోబెట్టి సద్ది తిన్నాను. తిని లేచేసరికి అతుకుల్లో ఇసుక చేరింది, మడవబోతే కదలదు. కసిగా మెలితిప్పితే రింగు ఊడి చేతికొచ్చింది. తప్పు నాదే. అప్పుడు నేర్చుకున్నది చెబుతాను. విప్పేటప్పుడు కొస నుంచి మొదలుపెట్టి, రింగులన్నీ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పుకుంటూ రావాలి. మూసేటప్పుడు లావు గొట్టం వైపు నుంచి. సినిమాలో కత్తి దూసినట్టు ఒక్క విదిలింపుతో తెరిచారో, అతుకులు బిగుసుకుపోతాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే మడవాలి. బిగుసుకుంటే రాడ్‌ను నిలువుగా పట్టుకుని, కింద గుడ్డ పరిచి, అడుగు భాగాన్ని మెల్లగా తట్టండి. చాలాసార్లు వదిలేస్తుంది.

నా ఓటు మాత్రం నాలుగు ముక్కల రాడ్‌కే. రెండు మీటర్ల పది సెంటీమీటర్లది అయితే ఒక్కో ముక్క యాభై అయిదు, అరవై సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి గుచ్చితే మామూలు రాడ్ లాగే వంగుతుంది, మామూలు రాడ్ లాగే విసురుతుంది. ఇబ్బందులు లేవని అనను. తంగూసు ఎక్కించుకోవడానికి కాసేపు పడుతుంది, దోమల మధ్య సాయంత్రం పూట అది విసుగే. విసిరీ విసిరీ అతుకులు వదులవుతాయి, చూసుకోకపోతే కొస ముక్క నీళ్లలోకి ఎగిరిపోతుంది. అతుకు మీద కాస్త కొవ్వొత్తి మైనం రుద్దితే బాగా పట్టుకుంటుంది. ఇక నాలుగింట్లో ఒక ముక్క కట్ట మీద మరిచిపోయి వచ్చారంటే మిగతా మూడూ పందిరి కట్టెలే. కొస ముక్క చాలా సన్నం కాబట్టి శానిటరీ షాపులో రెండు అంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు తీసుకుని ముక్కలన్నీ అందులో పెట్టుకోండి. రాడ్‌తో పాటు వచ్చే గుడ్డ సంచిని నమ్మితే బస్సులో ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు. నాకు ఈ రాడ్ మూడు వేల పైన పడింది. బాపు చూసి, "గింత కట్టెకు మూడు వేలా? మన బాయికాడ బొంగులు లేవా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆన్‌లైన్‌లో ప్రతి రాడ్ మీదా 'కార్బన్' అని రాసి ఉంటుంది. నల్ల రంగు, గళ్ల డిజైన్ వేస్తే కార్బన్ అయిపోదు. చేతికి బరువుగా, బాగా సాగినట్టు వంగితే అది ఎక్కువగా ఫైబర్‌గ్లాసే. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొత్తవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఫైబర్‌గ్లాసే మేలు, దెబ్బలు ఓర్చుకుంటుంది. అసలు కార్బన్ తేలిక, చేప ముట్టిందంటే చేతికి వెంటనే తెలుస్తుంది, కానీ రాయికి తగిలితే పగులుతుంది. ఇంకోటి, దీన్ని నవ్వులాటగా తీసుకోకండి: కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువుల పక్కన వ్యవసాయ మోటార్ల కోసం వేసిన కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో చూశారుగా. రాడ్ విప్పే ముందు ఒకసారి తలెత్తి చూడండి. ఉరుము వినిపిస్తే కింద పెట్టి అక్కడి నుంచి కదలండి.

కొనేముందు చూడాల్సిన అంకె మడత పొడవు కాదు, రాడ్ మీద గ్రాముల్లో రాసి ఉండే విసిరే బరువు, అంటే ఆ కట్టెతో ఎంత బరువు విసరొచ్చో చెప్పే అంకె. మన చెరువుల్లో బొచ్చె, రవ్వ, జెల్ల కోసమైతే 10 నుంచి 30 గ్రాములది, దానికి 2500 లేదా 3000 సైజు రీలు చాలు. రీలు మరీ బిగించకండి, చేప గట్టిగా లాగితే తంగూసు జారుతూ పోవాలి. కొర్రమీను కోసం తామర, గుర్రపుడెక్క మధ్యకు వెళ్లేవాళ్లకు ఇవేవీ సరిపోవు. దానికి గట్టి రాడ్, మందమైన అల్లిన దారం ఉండాలి, టెలిస్కోపిక్‌తో అక్కడికి పోవడం కట్టెను బలివ్వడమే. వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే, దాని కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టకండి. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప కూడాను.

ఎక్కడ పడితే అక్కడ గాలం వేయడం గురించి కూడా ఒక మాట. ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలది. చేపపిల్లలను వేసి, కాపలా కాసి పెంచుకున్న చేపలవి. అడిగితే చాలామంది కాదనరు, అడగకుండా వేస్తే మాత్రం కట్ట మీద పంచాయితీ తప్పదు. కాకతీయుల నాటి పాకాల చెరువు చూడ్డానికి ఎంత బాగున్నా, అది అభయారణ్యంలో ఉంది. అక్కడికి కెమెరా తీసుకెళ్లండి, రాడ్ వద్దు.

ఆ తమ్ముడికి ఈ పోస్ట్ ఎలాగూ కనిపిస్తుంది. తమ్మీ, నీ పెన్ను పారేయకు, వాగుల్లో పరకపిల్లలకు పనికొస్తుంది. వచ్చే ఆదివారం బావ వాళ్ల ఊరికి రా, నా టెలిస్కోపిక్ నీకిస్తా, రింగు కొత్తది వేయించాను. ఎర్రలు మాత్రం నువ్వే తవ్వి తేవాలి.